నాలుగు చాలదు సరే, ముప్పై రెండు ఎందుకు సామీ?

"సార్, నమస్కారం. మాది తిరుపతి, బైరాగిపట్టెడ. ఇంట్లోనే కూర్చుని పెళ్లి పత్రికలు, బర్త్‌డే ఫ్లెక్సీలు డిజైన్ చేసి ప్రింటింగ్ వాళ్లకు పంపుతుంటాను. నా కంప్యూటర్ పాతది. ఐ3 నాలుగో జనరేషన్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. పేజ్‌మేకర్ వరకు ఇబ్బంది లేదు. ఫొటోషాప్ తెరిచి పక్కన క్రోమ్‌లో వాట్సాప్ పెట్టుకున్నానంటే మౌస్ కూడా కదలదు. ఒక షాపులో ఇది పారేసి 32 జీబీతో కొత్తది తీసుకో, లేకపోతే రెండేళ్లలో మళ్లీ ఇదే బాధ అన్నారు. ఇంకో మెకానిక్ ఒక 8 జీబీ స్టిక్ వేస్తే రాకెట్‌లా పోతుందన్నాడు. మా బావమరిదేమో తన దాంట్లో 16 ఉంటే ఊరికే 9 వాడేస్తోంది, 8తో నీకేం సరిపోతుంది అంటాడు. మా ఆవిడ యూట్యూబ్, కరెంటు బిల్లు, దర్శనం టికెట్లు కూడా దీంట్లోనే. పాప ఈ ఏడాది బీటెక్‌లో చేరింది, దానికి ల్యాప్‌టాప్ కొనాలి. అసలు ఇంటికి ఎంత ర్యామ్ కావాలి సార్? డబ్బులు ఒక్కసారే పెట్టగలను."

సామీ, ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత తీరిగ్గా. మీ పాత మిషన్‌కు మొత్తం 8 జీబీ ర్యామ్ (తెరిచిన ప్రోగ్రాములు పని చేసినంతసేపూ కూర్చునే చోటు) చాలు, అంటే ఉన్న 4కి ఇంకో 4. కానీ దానికంటే ముందు, కుదరకపోతే కనీసం దాంతోపాటు, ఎస్ఎస్డీ, అంటే హార్డ్ డిస్క్ పనినే చిప్పులతో చాలా వేగంగా చేసే డిస్క్, పడాలి. పాప ల్యాప్‌టాప్‌కు 16. ముప్పై రెండు మీ ఇంట్లో ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు. ఇంతవరకు చదివి ఆపేసినా నష్టం లేదు, కాకపోతే రేపు ఇంకొకాయన వచ్చి ఇంకో అంకె చెబితే మళ్లీ టెన్షన్ మొదలవుతుంది కదా, అందుకని ఆ అంకె ఎక్కడి నుంచి వస్తుందో కూడా ఒకసారి చూసుకోండి.

ఎంత ర్యామ్ కావాలో షాపులో అడగాల్సిన పనిలేదు, మీ మిషన్‌లోనే కనిపిస్తుంది. అయితే ఎప్పుడు చూస్తున్నాం అన్నది ముఖ్యం. పొద్దున్నే ఆన్ చేసి ఖాళీగా ఉన్నప్పుడు చూస్తే ఏమీ తెలియదు. మే నెలలో గంగమ్మ జాతర ముందు రోజులు ఎట్లా ఉంటాయో మీకు నేను చెప్పాలా, వీధికో ఫ్లెక్సీ, సాయంత్రానికల్లా కావాలన్నా అని ఫోన్లు, ఫొటోషాప్‌లో రెండు ఫైళ్లు, పేజ్‌మేకర్‌లో ఎవరిదో పత్రిక ప్రూఫ్, క్రోమ్‌లో వాట్సాప్, ఇంకో ట్యాబ్‌లో అమ్మవారి ఫొటో కోసం వెతుకులాట. అట్లాంటి గంటలో చూడాలి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. దాంట్లో పెర్ఫార్మెన్స్, అందులో మెమరీ. పైన కనిపించే శాతాన్ని చూసి అందరూ భయపడతారు, దాన్ని వదిలేయండి. కింద 'కమిటెడ్' అని రెండు అంకెలుంటాయి, 6.3/8.5 లాగా. మొదటిది, తెరిచి ఉన్న ప్రోగ్రాములన్నీ కలిసి మాకు ఇంత కావాలి అని విండోస్ దగ్గర రాయించుకున్నది. రెండోది విండోస్ ఇవ్వగలిగిన మొత్తం, అంటే ర్యామ్, దానికి తోడు డిస్క్ మీద పక్కన పెట్టుకున్న పేజ్ ఫైల్. మీరు చూడాల్సింది మొదటి అంకె.

ప్రోగ్రాములు రాయించుకున్నదంతా ఏ నిమిషానికానిమిషం వాడవు, కాబట్టి ఆ అంకె మీ ర్యామ్‌ను కాస్త దాటినా కంగారు పడక్కర్లేదు. 4 జీబీ మిషన్‌లో 6, 6.5 కనిపిస్తే మాత్రం మిగతాది డిస్క్ మీద నుంచి లాక్కొస్తున్నట్టే. అదే పేజీలో కింద 'ఓపెన్ రిసోర్స్ మానిటర్' అని ఉంటుంది, తెరిచి మెమరీలో 'హార్డ్ ఫాల్ట్స్' గ్రాఫ్ చూడండి. పేరు చూసి ఏదో పాడైందనుకోకండి, ర్యామ్‌లో లేని దాని కోసం సెకనుకు ఎన్నిసార్లు డిస్క్ దగ్గరకు పరిగెత్తాల్సి వచ్చిందో అది చెబుతుంది. ప్రోగ్రాం తెరిచినప్పుడు ఒక్కసారి పైకి లేచి పడిపోతే మామూలే. మీరు పని చేస్తున్నంతసేపూ కిందికి దిగకుండా అక్కడే ఆడుతుంటే ర్యామ్ చాలడం లేదు, ఇంకెవరినీ అడగక్కర్లేదు. ఎంత వేయించాలి అంటారా, బాగా బిజీగా ఉన్న గంటలో కమిటెడ్ ఎంత చూపించిందో దాని పైన మార్కెట్‌లో దొరికే సైజు ఏదో అది. ఆరున్నర అయితే 8. పదకొండు అయితే 16. మీరు రాసిన పనులకు నా అంచనా ఆరు, ఏడు మధ్య. చూసి సరిచేసుకోండి.

ఇప్పుడు మీ బావమరిది. ఆయన చూసిన 9 నిజమే, దాని అర్థం ఆయన అనుకున్నది కాదు. ర్యామ్ ఎక్కువగా ఉంటే విండోస్ ధారాళంగా వాడుతుంది. మీరు గంట క్రితం చిన్నది చేసిన విండోను కూడా పక్కకు తోయకుండా అట్లాగే పెట్టుకుంటుంది, క్రోమ్ పాత ట్యాబులను వదలదు. పిండి కొద్దీ రొట్టె. అదే పని 8 జీబీ మిషన్‌లో చేస్తే ఐదున్నర, ఆరు దగ్గర సర్దుకుంటుంది, ఆయనకు తేడా కూడా తెలియదు. కాబట్టి పెద్ద మిషన్ ఎంత వాడుతోందో చూసి చిన్న మిషన్‌కు అంత కావాలని లెక్క వేయకూడదు. అన్నట్టు టాస్క్ మేనేజర్‌లో 'క్యాష్డ్' అని ఇంకో అంకె ఉంటుంది, అది ఎంత పెద్దదిగా ఉన్నా పట్టించుకోకండి. ఊరికే పడున్న చోటులో విండోస్ మీరు మళ్లీ అడగొచ్చని దాచిపెట్టుకున్నది అది, ఎవరైనా అడిగితే వెంటనే వదిలేస్తుంది. ఈ క్యాష్‌ను ఊడ్చేసి ర్యామ్ ఖాళీ చేస్తామనే బూస్టర్ సాఫ్ట్‌వేర్లు ఏవైనా మీ మిషన్‌లో ఉంటే ముందు వాటిని పీకేయండి. అవి చేసేదల్లా దాచిపెట్టుకున్నది పారేయించి మళ్లీ డిస్క్ మీద నుంచి తెప్పించడమే.

డిస్క్ అన్నాను కదా, మీ అసలు రోగం అక్కడుంది. 500 జీబీ హార్డ్ డిస్క్ లోపల నిమిషానికి 7200 చుట్లు తిరిగే పళ్లెం ఉంటుంది, దాని మీద ముల్లు అటూ ఇటూ జరిగి కావాల్సిన చోటు వెతుక్కోవాలి. ఒక్కసారి వెతుక్కోవడానికి సుమారు 12, 13 మిల్లీసెకన్లు. వినడానికి తక్కువే, కానీ చెల్లాచెదురుగా ఉన్నవాటిని అడిగితే సెకనుకు 80 సార్లకు మించి అందివ్వలేదు. ఎస్ఎస్డీకి తిరిగే పళ్లెం లేదు, మామూలు సాటా (పాత మిషన్లలోనూ ఉండే కేబుల్ కనెక్షన్) ఎస్ఎస్డీ కూడా సెకనుకు వేల సంఖ్యలో అందిస్తుంది. ర్యామ్ సంగతి వేరు, అక్కడ లెక్క నానోసెకన్లలో. ఇప్పుడు మీ 4 జీబీలో విండోసే దాదాపు సగం తీసుకుంటుంది, క్రోమ్‌లో వాట్సాప్ ఇంకో రెండు ట్యాబులు కలిసి జీబీకి అటూ ఇటూ, ఫొటోషాప్ వచ్చేసరికి చోటు లేదు, లేనిదంతా ఆ ముల్లు మీద పడుతుంది. అదే డిస్క్ మీద అప్పుడే యాంటీవైరస్ స్కానింగ్, విండోస్ అప్‌డేట్, ఫొటోషాప్ స్క్రాచ్ ఫైల్ (మెమరీ చాలనప్పుడు అది డిస్క్ మీద వాడుకునే చోటు). మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు. మౌస్ కదలకపోవడం అందుకే. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం దగ్గర అతుక్కుని ఉంటుంది చూడండి, కావాలంటే.

అందుకే మీ మెకానిక్ చెప్పినట్టు ర్యామ్ ఒక్కటే పెంచితే కొంత మారుతుంది, రాకెట్ మాత్రం కాదు. ఆన్ చేస్తే డెస్క్‌టాప్ రావడానికి పట్టే సమయం, ఫొటోషాప్ తెరుచుకోవడానికి పట్టే సమయం, ఫైల్ సేవ్ అవడం, ఇవన్నీ డిస్క్ పనులు. హార్డ్ డిస్క్‌ను పాత ఫైళ్లకు అట్లాగే ఉంచి, 240 లేదా 256 జీబీ సాటా ఎస్ఎస్డీ ఒకటి పెట్టి విండోస్ దాని మీదికి మార్చితే, అప్పుడు ర్యామ్ చాలక డిస్క్ దగ్గరకు వెళ్లాల్సి వచ్చినా ప్రాణం పోదు. డబ్బులు ఒక్కదానికే ఉన్నాయంటే నేను ఎస్ఎస్డీయే వేయమంటాను. రెండింటికీ ఉంటే ఇంకేం కావాలి. ఈ మధ్య మన దగ్గర ఎండలకు కంప్యూటర్ నిదానిస్తే, అది కూడా ర్యామ్ ఖాతాలోనే పడుతోంది. మే నెలలో నలభై దాటే గదిలో, ప్రాసెసర్ ఫ్యాన్ నిండా దుమ్ము పేరుకుంటే, వేడి తట్టుకోలేక ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. డబ్బు పెట్టే ముందు ఒకసారి మూత తీసి దులిపించండి. బ్లోయర్ పెట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోవాలి, గిర్రున తిరగనివ్వకూడదు.

ఇంకో గొయ్యి ఉంది, మీలాంటి డీటీపీ (కంప్యూటర్‌లో అచ్చు పేజీలు కూర్చే పని) వాళ్లే ఎక్కువగా పడతారు. పాత పేజ్‌మేకర్, పాత తెలుగు ఫాంట్ల కీబోర్డు సాఫ్ట్‌వేర్ ఇబ్బంది పెట్టకుండా ఉండాలని చాలామంది 32 బిట్ విండోస్ వేయించుకుని ఉంటారు, వేయించుకున్నట్టు గుర్తు కూడా ఉండదు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ తెరిస్తే 'సిస్టమ్ టైప్' అని ఉంటుంది. అక్కడ 32 బిట్ అని ఉంటే మీరు 8 కాదు, 16 వేసినా అది 4 జీబీ దాటి చూడలేదు, అందులోనూ వాడుకోగలిగేది మూడు, మూడున్నరే. అక్కడే 'ఇన్‌స్టాల్డ్ ర్యామ్' దగ్గర బ్రాకెట్‌లో '3.4 జీబీ యూజబుల్' లాంటిది కనిపిస్తే అనుమానించండి. అట్లాగే ఉంటే ర్యామ్ కొనేముందు 64 బిట్ విండోస్ పడాలి, అది పాతదాని మీద అప్‌డేట్‌లా రాదు, మొత్తం కొత్తగా ఎక్కించాలి, ముందు ఫైళ్లన్నీ, ముఖ్యంగా ఫాంట్లు, వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోవాలి. మీ కీబోర్డు సాఫ్ట్‌వేర్ వెర్షన్ 64 బిట్‌లో నడుస్తుందో లేదో, డాంగిల్ (సాఫ్ట్‌వేర్‌కు తాళం చెవిలా కంప్యూటర్‌కు గుచ్చే ముక్క) ఉంటే దాని డ్రైవర్ దొరుకుతుందో లేదో, అమ్మినవాళ్లను ముందే అడిగి ఖాయం చేసుకోండి. మాఘమాసం ముహూర్తాల మధ్యలో ఈ ప్రయోగం పెట్టుకోకండి, దండం పెడతా.

పేజ్‌మేకర్ గురించి టెన్షన్ వద్దు. దాని ఆఖరి వెర్షన్ 7, 2001లో వచ్చింది. అప్పటి కంప్యూటర్లలో ర్యామ్ మెగాబైట్లలోనే ఉండేది. మీరు దానికి ఎంత పెట్టినా అది తినదు, తినలేదు. తినేది ఫొటోషాప్, అది కూడా పత్రికలకు కాదు, ఫ్లెక్సీలకు. లెక్క వేసి చూద్దాం. 7 అంగుళాలకు 5 అంగుళాల పత్రిక, 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు), అంటే 2100కి 1500 పిక్సెళ్లు, మొత్తం 31 లక్షల చిల్లర. ప్రింటింగ్‌కు వాడే నాలుగు రంగుల పద్ధతి సీఎంవైకేలో పిక్సెల్‌కు నాలుగు బైట్లు, ఒక నిండు లేయర్‌కు (ఫొటోషాప్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చే పొరల్లో ఒకదానికి) 12.6 ఎంబీ. పది లేయర్లు పెట్టినా మీ పాత మిషన్ మోస్తుంది. ఇప్పుడు 10 అడుగులకు 6 అడుగుల జాతర ఫ్లెక్సీ. 72 డీపీఐలో పెడితే 8640కి 5184, ఒక నిండు లేయర్‌కు 179 ఎంబీ. పది లేయర్లు నిండుగా ఉంటే 1.8 జీబీ, ఇక్కడే మీ 4 జీబీ ఊపిరి ఆగుతుంది, 8 ఉంటే పని జరుగుతుంది. పత్రికల అలవాటు కొద్దీ అదే ఫ్లెక్సీని 300 డీపీఐలో తెరిచారనుకోండి, 36,000కి 21,600 పిక్సెళ్లు, ఒక్క లేయర్‌కే 3.1 జీబీ. ఒక్క లేయర్‌కు! మీ షాపాయన అమ్మబోయిన 32 జీబీ మిషన్‌నైనా ఇట్లాంటి ఫైల్ పదకొండో లేయర్‌కు కూర్చోబెడుతుంది. రోడ్డు అవతల నుంచి చూసే ఫ్లెక్సీకి 300 ఎందుకు, చాలా ఫ్లెక్సీ ప్రింటర్ల దగ్గర 72 చాలంటారు, దగ్గర నుంచి చూసేదైతే 100. మీ ప్రింటింగ్ వాళ్లను అడిగి ఆ అంకె మీదే ఉండండి. దీనికి పైసా ఖర్చు లేదు, ర్యామ్ మాత్రం బోలెడు మిగులుతుంది.

ఫొటోషాప్‌లోనే ఇంకో రెండు మూడు ఉన్నాయి. ప్రిఫరెన్సెస్‌లో పెర్ఫార్మెన్స్ తెరిస్తే హిస్టరీ స్టేట్స్ అని ఉంటుంది, వెనక్కి ఎన్ని అడుగులు వెళ్లగలరో అది. యాభై ఉంటే ఇరవై చేయండి, ప్రతి అడుగుకూ అది మెమరీ దాచుకుంటుంది. పెద్ద ఫైల్ పని మధ్యలో బరువెక్కితే ముందు సేవ్ చేసి, ఎడిట్ మెనూలో పర్జ్, ఆల్ నొక్కితే దాచుకున్నదంతా వదిలేస్తుంది, కాకపోతే ఆ తర్వాత వెనక్కి వెళ్లడం కుదరదు, గుర్తుపెట్టుకోండి. స్క్రాచ్ డిస్క్‌ను ఎస్ఎస్డీకి మార్చండి, కాస్త ఖాళీ ఉంచండి దాంట్లో. పని అయిపోయిన ఫైళ్లను ట్యాబుల్లో వరుసగా తెరిచి ఉంచే అలవాటు మనవాళ్లందరికీ ఉంది, మీకూ ఉండే ఉంటుంది.

ఇక స్టిక్ కొనడం. నాలుగో జనరేషన్ ఐ3 అంటే డీడీఆర్3 రకం ర్యామ్, బోర్డులో ఎక్కువగా రెండే స్లాట్లు. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీలోనే 'స్లాట్స్ యూజ్డ్ 1 ఆఫ్ 2' అని చూపిస్తుంది, అప్పుడు రెండో దాంట్లో ఇంకో 4 జీబీ, 1600 స్పీడ్‌ది వేస్తే రెండూ జోడుగా పనిచేస్తాయి. మీకు విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకపోతే తెర మీద బొమ్మ కూడా ర్యామ్‌లోంచే కొంత తీసుకుంటుంది, జోడుగా ఉంటే దానికీ మంచిది. డీడీఆర్4 ఇస్తే తీసుకోకండి, గాడి వేరే చోట ఉంటుంది, కూర్చోదు, నొక్కి కూర్చోబెట్టాలని చూస్తే స్లాట్ విరుగుతుంది. ల్యాప్‌టాప్ స్టిక్ పొట్టిగా ఉంటుంది, అదీ కాదు. చవగ్గా వస్తున్నాయని ఆన్‌లైన్‌లో 8 జీబీ డీడీఆర్3 స్టిక్కులు కొనేముందు కింద సన్న అక్షరాలు చదవండి, కొన్ని ఏఎండీ బోర్డులకు మాత్రమే పనిచేస్తాయి, ఇంటెల్ బోర్డులో పెడితే డిస్‌ప్లే రాదు. సెకండ్ హ్యాండ్ స్టిక్ తీసుకున్నా ఫర్వాలేదు, ర్యామ్ అంత తొందరగా అరిగిపోయే వస్తువు కాదు, కానీ అక్కడే పెట్టి ఆన్ చేసి చూపించమనండి, వారం రోజుల్లో తేడా వస్తే మార్చి ఇస్తానని నోటి మాట అయినా తీసుకోండి.

మీరే పెట్టుకుంటానంటే పెద్ద విద్యేం కాదు. వైరు పీకేసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి వదలండి, లోపల మిగిలిన కరెంటు పోతుంది. క్యాబినెట్ ఇనుమును చేత్తో తాకండి. స్లాట్ చివర్ల క్లిప్పులు తెరిచి, గాడి చూసుకుని, రెండు బొటనవేళ్లతో రెండు వైపులా సమానంగా నొక్కితే టక్‌మని క్లిప్పులు వాటంతటవే మూసుకుంటాయి. ఆన్ చేస్తే బీప్ బీప్ అని, తెర నల్లగా ఉంటే అప్పుడే స్టిక్ పోయిందనుకోకండి. తీసి, బంగారు రంగు పళ్లను పిల్లల పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, రబ్బరు పొడి ఊదేసి మళ్లీ పెట్టండి, సగం కేసులు ఇక్కడే బాగైపోతాయి. అంతా అయ్యాక స్టార్ట్‌లో విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ అని వెతికి ఒకసారి నడిపించండి. రీస్టార్ట్ అయి అదే పరీక్ష చేసుకుంటుంది.

ఈ మిషన్ మీద ఎంతవరకు డబ్బు పెట్టాలి అన్నది మీరు అడగలేదు గానీ అడగాల్సింది అదే. విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో అయిపోయాయి. నమోదు చేసుకున్నవాళ్లకు అదనంగా ఇస్తున్న అప్‌డేట్ల గడువు 2026 అక్టోబర్ 13. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచే అనుమతి, మీది నాలుగు. విండోస్ 11కి కనీసం 4 జీబీ చాలు అని మైక్రోసాఫ్ట్ రాసిన మాట నిజమే, కానీ మీకు అడ్డం వచ్చేది ర్యామ్ కాదు, ప్రాసెసర్. అందువల్ల 4 జీబీ స్టిక్, చిన్న ఎస్ఎస్డీ, అంతటితో ఆపండి. ఎస్ఎస్డీ రేపు ఇంకో మిషన్‌లోకి పోతుంది, డీడీఆర్3 స్టిక్ కొత్త మిషన్లలో పట్టదు, అందుకే 16 వద్దంటున్నాను. బ్యాంకు పనులు, ఓటీపీ పనులు మెల్లగా కొత్త ల్యాప్‌టాప్‌కో ఫోన్‌కో మార్చుకుని, దీన్ని పేజ్‌మేకర్‌కు, ఫ్లెక్సీలకు ఉంచుకోండి. ఇంకో రెండేళ్లు లాగుతుంది.

మీ ఆవిడ పనులకు 8లో ఇబ్బందే లేదు. యూట్యూబ్, బిల్లులు, రెండు మూడు ట్యాబులు, అంతే కదా. క్రోమ్ సెట్టింగ్స్‌లో పెర్ఫార్మెన్స్‌లో మెమరీ సేవర్ ఆన్ చేస్తే చూడని ట్యాబులను అదే నిద్రపుచ్చుతుంది. ఇంకో మాట ఆవిడకు చెప్పండి, 300 రూపాయల దర్శనం టికెట్లు వదిలే రోజు పొద్దున పది గంటలకు తెర మీద చక్రం తిరుగుతూ ఉంటే అది ఇంటి కంప్యూటర్ తప్పు కాదు. దేశమంతా అదే నిమిషానికి అదే చోట నిలబడి ఉంటుంది. 64 జీబీ పెట్టినా గోవిందా అనుకుంటూ క్యూలో ఉండాల్సిందే.

పాప ల్యాప్‌టాప్ విషయంలో మాత్రం పీనాసితనం వద్దు. మొదటి ఏడాది సీ ప్రోగ్రాములకు, పైథాన్‌కు 8 చాలు, అబద్ధం చెప్పను. కానీ ల్యాప్‌టాప్ నాలుగేళ్లు రావాలి. మూడో ఏడాదికి ప్రాజెక్టు అంటారు, ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో, దాంట్లోనే తెర మీద ఫోన్‌లా నడిచే ఎమ్యులేటర్, పక్కన క్రోమ్‌లో ఇరవై ట్యాబులు, ఆన్‌లైన్ క్లాసు ఒకటి. ఎమ్యులేటర్‌తో కలిపి ఆండ్రాయిడ్ స్టూడియోకు కనీసం 16 అని తయారుచేసినవాళ్లే చెబుతున్నారు. కంప్యూటర్ సైన్స్ కాకుండా సివిల్, మెకానికల్ అయినా డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్లకు 16 అయితే ఊపిరి ఆడుతుంది. కొనేటప్పుడు ఒక్క ప్రశ్న గట్టిగా అడగండి, ర్యామ్ బోర్డుకే అతికించి ఉందా, స్లాట్ ఉందా. పలచటి మోడళ్లలో చాలావరకు అతికించే వస్తుంది, అట్లాంటిదైతే మొదటే 16 ఉన్నది తీసుకోవాలి, తర్వాత పెంచే దారే లేదు. 8 అతికించి పక్కన ఒక ఖాళీ స్లాట్ ఉన్నదైతే, ఈ ఏడాదికి 8తో తీసుకుని డబ్బులు చేతికి వచ్చాక ఇంకో 8 వేసుకోవచ్చు. అయితే ధరల సంగతి చూసుకోండి. 2025 చివరి నుంచి ర్యామ్ రేట్లు బాగా ఎక్కాయి. ప్రపంచంలో ఈ చిప్పుల్లో ఎక్కువ భాగం చేసేది శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్, ఆ ముగ్గురూ ఏఐ సర్వర్లకు కావాల్సిన మెమరీ వైపు తిరిగారు, మైక్రాన్ అయితే 2025 డిసెంబర్‌లో క్రూషియల్ పేరుతో మనలాంటివాళ్లకు అమ్మే వ్యాపారమే మానుకుంటున్నట్టు ప్రకటించింది. అందువల్ల తర్వాత వేసుకుంటే చవకవుతుందిలే అన్న పాత లెక్క ఇప్పుడు పనిచేయకపోవచ్చు, తేడా మరీ ఎక్కువ లేకపోతే 16 ఉన్నదే తీసుకోండి.

ఫోన్ షాపుల్లో 8 ప్లస్ 8, మొత్తం 16 అని బోర్డులు పెడతారు చూశారా, ఆ రెండో ఎనిమిది ర్యామ్ కాదు. ఫోన్ స్టోరేజ్‌లో కొంత భాగాన్ని ర్యామ్ లాగా వాడటం, మన పేజ్ ఫైల్ తమ్ముడన్నమాట. ఫోన్‌లోనే 16 ఉంది, కంప్యూటర్‌లో 32 లేకపోతే ఎట్లా అని ఎవరైనా అంటే ఇదే చెప్పండి.

ఆ 32 ఎవరికి కావాలంటే, పెళ్లి వీడియోలు ఫోర్‌కేలో ఎడిట్ చేసేవాళ్లకు, ఒకే మిషన్‌లో రెండు మూడు వర్చువల్ మిషన్లు (కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌లా నడిచేవి) నడిపేవాళ్లకు, ఏఐ మోడళ్లను ఇంట్లోనే నడుపుకుని చూసేవాళ్లకు. రెండేళ్ల తర్వాత మీరు వీడియోల్లోకి దిగితే అప్పుడు కొనండి, ఆ రోజు కమిటెడ్ అంకె అదే చెబుతుంది. ఇంకొకటి, పాప ల్యాప్‌టాప్ బాగా స్పీడుగా ఉందని మీ ఫొటోషాప్ దాంట్లోకి ఎక్కించకండి. దాని ల్యాబ్ పరీక్ష రోజే మీకు అర్జంటు ఫ్లెక్సీ వస్తుంది.